ఆగస్టులో సీహాక్స్ వెనక వరసని అంచనా కట్టడం ఎలా

సీహాక్స్ అంటే సియాటిల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు. దాని డిఫెన్స్‌లో వెనక నిలబడి పాస్‌లని ఆపే కార్నర్లు, నికెల్, సేఫ్టీలని కలిపి సెకండరీ లేదా డిఫెన్సివ్ బ్యాక్‌లు అంటారు. సీజన్‌కి ముందు ఆగస్టులో జట్టులో ఎవరుంటారో తేలుతుంది. ముందు ఒక కాగితం తీసుకుని మూడు గళ్ళు గీయండి. ఒకదాని మీద బయటి కార్నర్లు, రెండోదాని మీద నికెల్, మూడోదాని మీద సేఫ్టీలు అని రాయండి. ఒక్కో గడిలో మొదటి పేరు ఎవరిదో ఆగస్టు నెలాఖరుకి దారిన పోయేవాళ్ళు కూడా చెప్పేస్తారు. మూడో పేరు, నాలుగో పేరు ఎవరివో మీరు చెప్పగలిగితే సియాటిల్ సీహాక్స్ సెకండరీ సంగతి మీకు సగం తెలిసిపోయినట్టే. నేను ఆగస్టంతా వెతికేది ఆ పేర్ల కోసమే.

నేనుండేది రెంటన్‌లో, సీహాక్స్ ప్రాక్టీస్ మైదానానికి దగ్గర్లోనే. ఇక్కడి తెలుగువాళ్ళలో ఈ ఆట చూసేవాళ్ళు చాలామందే తెలుసు నాకు. అందరి కళ్ళూ పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదా బంతి మీదా ఉంటాయి. డిఫెన్సివ్ బ్యాక్‌ల పని ఎక్కువ భాగం బంతి రాని చోట జరుగుతుంది. వాళ్ళు బాగా ఆడినంతసేపూ బంతి అటు రాదు. అందుకే వాళ్ళని చూడటానికి వేరే పద్ధతి కావాలి.

2025 సీజన్‌ని ఉదాహరణగా తీసుకుందాం. ఆ ఆగస్టు మొదట్లో నా కాగితం ఇలా ఉంది. బయటి కార్నర్లు రిక్ వూలెన్, జాష్ జోబ్. నికెల్‌లో డెవాన్ విదర్‌స్పూన్. సేఫ్టీలు జూలియన్ లవ్, కోబీ బ్రయంట్. వీళ్ళ తర్వాత ఆ ఏడు డ్రాఫ్ట్‌లో (జట్లు కాలేజీ ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకునే రోజు) 35వ ఎంపికగా వచ్చిన నిక్ ఎమన్‌వోరీ, మళ్ళీ పాత జట్టుకే తిరిగొచ్చిన షకీల్ గ్రిఫిన్, 2024 డ్రాఫ్ట్‌లో అయిదో రౌండ్‌లో తీసుకున్న నెహెమయా ప్రిచెట్, బ్రౌన్స్ నుంచి వచ్చిన డి ఆంథొనీ బెల్, డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోని టై ఒకాడా. ఎమన్‌వోరీని ఏ గడిలో వెయ్యాలో అప్పటికింకా తేలలేదు. అందుకని నికెల్‌కీ సేఫ్టీలకీ మధ్యనున్న గీత మీద రాశాను.

ఈ ఆట కొత్తగా చూస్తున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. బయటి కార్నర్ సైడ్‌లైన్ వైపు రిసీవర్‌ని, అంటే పాస్ పట్టేవాడిని కాస్తాడు. ఒక పక్క గీత ఉంటుంది కాబట్టి రిసీవర్ తప్పించుకునే దారి కొంత మూసుకుపోయి ఉంటుంది. నికెల్ లోపలి రిసీవర్‌ని కాస్తాడు. ఆ రిసీవర్ ఎటైనా తిరగ్గలడు, పైగా పరుగు ఆట కూడా అటే వస్తుంది, కాబట్టి నికెల్‌కి మనిషిని పడగొట్టడం బాగా రావాలి. సేఫ్టీలు అందరికంటే వెనక. ఇప్పుడు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో (ఈ ఆట లీగ్) సగానికి పైగా స్నాప్‌లలో (బంతి కదిలి ఆట మొదలయ్యే క్షణాల్లో) మైదానం మీద అయిదుగురు డిఫెన్సివ్ బ్యాక్‌లు ఉంటారు. డెప్త్ చార్ట్‌లో (ఎవరి తర్వాత ఎవరో చెప్పే పట్టికలో) స్టార్టర్లుగా నలుగురి పేర్లే కనిపించినా మీరు లెక్కలోకి తీసుకోవాల్సింది అయిదుగురిని. మైక్ మెక్‌డోనల్డ్ కోచ్‌గా ఉన్న జట్టులో ఆరుగురిని.

నాలుగో పేరు మీద ఇంత పట్టుదల ఎందుకు

2011లో రిచర్డ్ షెర్మన్ అయిదో రౌండ్‌లో, 154వ ఎంపికగా వచ్చాడు. మార్కస్ ట్రుఫాంట్, వాల్టర్ థర్మండ్ ఇద్దరూ గాయాలతో పక్కకి వెళ్ళాక అక్టోబరు చివర్లో బెంగాల్స్ మీద మొదటిసారి స్టార్టర్‌గా దిగాడు, ఆ ఆటలోనే ఇంటర్‌సెప్షన్ తీశాడు, అంటే అవతలివాళ్ళ పాస్‌ని తనే పట్టేశాడు. ఆ ఏడాది ఆగస్టులో కాగితం మీద అతను కింది వరసలో ఉన్న పేరు.

దీనికి రెండో వైపు 2015 ఫిబ్రవరి 1న, అరిజోనాలోని గ్లెండేల్‌లో కనిపించింది. అది 49వ సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, సీహాక్స్‌కీ పేట్రియట్స్‌కీ మధ్య. సీహాక్స్ డిఫెన్స్ 2012 నుంచి వరసగా ఏటా లీగ్ మొత్తంలో అతి తక్కువ పాయింట్లు ఇస్తూ వచ్చింది. మొదటి క్వార్టర్‌లో నికెల్ ఆటగాడు జెరెమీ లేన్ పేట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ బంతిని ఇంటర్‌సెప్ట్ చేశాడు. బంతి పట్టుకుని పరిగెత్తి, కింద పడినప్పుడు చెయ్యి విరిగింది. అతను బయటికి వెళ్ళగానే థారల్డ్ సైమన్ లోపలికి వచ్చాడు. బ్రేడీకి ఇక ఎటు విసరాలో తెలిసిపోయింది. నాలుగో క్వార్టర్ మొదలయ్యేసరికి సియాటిల్ 24-14తో ముందుంది. చివర్లో జూలియన్ ఎడెల్‌మన్ పట్టిన టచ్‌డౌన్ సైమన్ కాస్తున్న వైపే వచ్చింది. పాస్ రష్‌లో, అంటే క్వార్టర్‌బ్యాక్ మీదకి దూసుకెళ్ళేవాళ్ళలో, క్లిఫ్ ఏవ్రిల్ కూడా దెబ్బ తగిలి వెళ్ళిపోయాడు కాబట్టి నేరమంతా సైమన్ నెత్తిన వెయ్యడం అన్యాయం. కానీ ఎర్ల్ థామస్, క్యామ్ చాన్సెలర్, షెర్మన్ లాంటివాళ్ళున్న వరసని కూడా తర్వాతి మనిషి దగ్గరే తెరవగలిగారు.

అదే ఆటని ముగించినవాడు కూడా అలాంటి కింది పేరే. మాల్కమ్ బట్లర్‌ని డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. వెస్ట్ అలబామా అనే చిన్న కాలేజీ నుంచి ట్రైఅవుట్‌కి వచ్చి పేట్రియట్స్‌లో చోటు సంపాదించుకున్నాడు. సియాటిల్ టచ్‌డౌన్‌కి ఒక గజం దూరంలో ఉన్నప్పుడు పేట్రియట్స్ ముగ్గురు కార్నర్లుండే ప్యాకేజీ పంపింది, అందులో మూడోవాడిగా బట్లర్ పరిగెత్తుకొచ్చాడు. సియాటిల్ ఆడిన ఆ పాస్‌నే అంతకుముందు ప్రాక్టీస్‌లో అతని మీద ప్రయోగిస్తే దెబ్బతిన్నాడు. ఈసారి రిసీవర్ కంటే ముందు బంతి దగ్గరికి చేరాడు. పేట్రియట్స్ 28-24తో గెలిచింది. ఇక్కడి అభిమానులకి ఇప్పటికీ ఆ రాత్రి గురించి మాట్లాడటం కష్టం. నాకూ అంతే. కానీ సెకండరీని ఎలా చూడాలో అర్థం చేసుకోవడానికి అంతకంటే మంచి ఆట నాకు దొరకలేదు.

క్యాంప్‌లో

సీహాక్స్ క్యాంప్ లేక్ వాషింగ్టన్ ఒడ్డున ఉన్న వర్జీనియా మేసన్ అథ్లెటిక్ సెంటర్‌లో జరుగుతుంది. ముందుగా నమోదు చేసుకుంటే కొన్ని రోజులు అభిమానుల్ని రానిస్తారు. గడ్డి గట్టు మీద కూర్చుని చూడొచ్చు. అందరూ కేకలు వేసేది రిసీవర్‌కీ కార్నర్‌కీ ఒకరి మీద ఒకరు పోటీ పెట్టినప్పుడు. ఆ డ్రిల్‌లో ఎవరు గెలిచారో రాసుకోకండి. అక్కడ క్వార్టర్‌బ్యాక్ మీదకి వచ్చేవాళ్ళుండరు, వెనక సేఫ్టీ ఉండడు, రిసీవర్‌కి మైదానం అంతా ఖాళీ. రిసీవర్ గెలవడానికి అనువుగా ఉండే డ్రిల్ అది.

మీరు చూడాల్సింది కార్నర్ మొదటి రెండు అడుగులు. రిసీవర్ కదలగానే కార్నర్ ముందుకి ఊగాడా, లేక పాదాలు తన నడుము కిందే ఉంచుకుని అతని కదలిక కోసం ఆగాడా? ముందుకి ఊగినవాడి చెయ్యి గాల్లోకి పోతుంది, రిసీవర్ పక్కనుంచి జారిపోతాడు, ఆ తర్వాత ఎంత వేగం ఉన్నా వెంటపడటమే. ఆగినవాడి చెయ్యి రిసీవర్ ఛాతీకి తగులుతుంది, నడుము ఒక్కసారే తిరుగుతుంది, ఇద్దరూ పక్కపక్కన పరిగెడతారు. రెండో విషయం, బంతి వచ్చే క్షణంలో అతను తల ఎప్పుడు తిప్పుతాడో చూడండి. రిసీవర్‌ని అంటుకుని ఉన్నప్పుడు తిప్పితే బంతి దొరుకుతుంది, వెనకబడి ఉండగా తిప్పితే ఇంకా వెనకబడతాడు. 6 అడుగుల 4 అంగుళాల వూలెన్ అర అడుగు ఆలస్యమైనా ఆ పొడవు చేతులతో కప్పిపుచ్చుకోగలడు. 2022లో మొదటి ఏడాదిలోనే 6 ఇంటర్‌సెప్షన్లతో లీగ్‌లో అగ్రస్థానం పంచుకున్నాడు. ప్రిచెట్ లాంటి కుర్రాడి దగ్గర ఆ అదనపు పొడవు లేదు, అతని అడుగులే తప్పు లేకుండా ఉండాలి. కాబట్టి ఇద్దరినీ ఒకే కొలతతో చూడకండి.

ఏడుగురు మీద ఏడుగురు ఆడే డ్రిల్ ఇంకా పనికొస్తుంది. ఒక రిసీవర్ స్నాప్‌కి ముందు ఒక పక్కనుంచి ఇంకో పక్కకి నడిచినప్పుడు వెనక వరసలో చేతులు చూడండి. ఎవరో ఒకరు వేలు చూపించి అరుస్తారు, మిగతావాళ్ళు జరుగుతారు. మొదటి జట్టులో ఆ వేలు ఎక్కువగా జూలియన్ లవ్‌ది. మూడో జట్టు దిగాక ఇద్దరు ఒకే మనిషిని చూపిస్తారు, ఇంకో మనిషి ఒంటరిగా మిగిలిపోతాడు. కబడ్డీలో గొలుసు కట్టినప్పుడు ఒక్క చెయ్యి జారితే కూతకొచ్చినవాడు గీత దాటినట్టే, ఇక్కడా అంతే. మూడో జట్టులో ఉండి కూడా నలుగురినీ సర్దగలిగే సేఫ్టీ కనిపిస్తే ఆ పేరు కింద గీత గీసుకోండి. వేగం కొంచెం తక్కువైనా కోచ్‌లు అలాంటివాడిని వదులుకోరు.

ప్రీసీజన్ ఆటల్లో

2021లో రెగ్యులర్ సీజన్ 17 ఆటలైనప్పటి నుంచి ప్రీసీజన్‌కి మూడే ఆటలు. 2025లో ఆగస్టు 7న రైడర్స్‌తో, 15న చీఫ్స్‌తో ఇక్కడే, 23న ప్యాకర్స్‌తో గ్రీన్ బేలో. విదర్‌స్పూన్, లవ్ లాంటివాళ్ళు కొద్దిసేపు కనిపిస్తారు, లేదా అసలు దిగరు. దిగకపోతే మంచి సంకేతమే, వాళ్ళ చోటు గురించి కోచ్‌లకి ప్రశ్న లేదన్నమాట. ఎవరు ఆడలేదో కూడా కాగితం మీద రాయండి. కుర్రాళ్ళలో ఒకడు మూడో ఆటలో దిగకుండా కూర్చుంటే, అతనికి గాయం లేదని తెలిస్తే, అతను జట్టులో ఉన్నట్టే అనుకోవచ్చు.

టీవీలో ఒక ఇబ్బంది ఉంది. స్నాప్ అయిన క్షణం నుంచి కెమెరా క్వార్టర్‌బ్యాక్ దగ్గరే ఉంటుంది, సేఫ్టీలు తెర బయట ఉంటారు. ప్రీసీజన్‌లో టికెట్లు చౌకగానే దొరుకుతాయి కాబట్టి నేను లూమెన్ ఫీల్డ్ ఉత్తరం వైపు, ఎండ్‌జోన్ వెనకుండే బెంచీల మీద కూర్చుంటాను. అక్కడినుంచి మైదానం పొడుగ్గా కనిపిస్తుంది. సేఫ్టీలు ఎంత లోతున నిలబడ్డారు, స్నాప్ కాగానే ఎవరు కిందికి దిగారు, ఎవరు మధ్యకి జరిగారు, అన్నీ ఒక్క చూపులో తెలుస్తాయి. మా అమ్మాయి తొమ్మిదో క్లాసు, బైనాక్యులర్స్ పట్టుకుని నా పక్కన కూర్చుని ప్రతి స్నాప్‌కీ వెనకవాళ్ళని లెక్కపెడుతుంది. “నాన్నా, అయిదు.” “నాన్నా, అయిదు.” “నాన్నా, ఆరు, మూడో నంబర్ లోపలికొచ్చాడు.” నేను రాసుకుంటాను. మూడో నంబర్ అంటే ఎమన్‌వోరీ. క్యాంప్‌లో 90 మంది ఉంటారు కాబట్టి ఒకే నంబర్ అఫెన్స్‌లో ఒకరికి, డిఫెన్స్‌లో ఒకరికి ఉండొచ్చు, చూసుకోండి.

ఆ లెక్క వల్ల ఉపయోగం ఏమిటంటే, ఆరో మనిషి ఎవరో, అతను వచ్చినప్పుడు ఎవరు ఎక్కడికి జరుగుతారో తెలుస్తుంది. ఎమన్‌వోరీ 6 అడుగుల 3 అంగుళాలు, 220 పౌండ్లు, అయినా 40 గజాలు 4.38 సెకన్లలో పరిగెత్తాడు. అంత బరువున్నవాడు అంత వేగంగా పరిగెడితే అతన్ని సేఫ్టీగా వెనక నిలబెట్టొచ్చు, నికెల్‌గా లోపల పెట్టొచ్చు, లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ మధ్య వరస ఆటగాడు) పక్కన కూడా పెట్టొచ్చు. మెక్‌డోనల్డ్ బాల్టిమోర్‌లో కైల్ హామిల్టన్‌ని ఇలాగే వాడాడు. 2023లో ఆ రేవెన్స్ డిఫెన్స్ తక్కువ పాయింట్లు ఇవ్వడంలో, శాక్‌లలో (క్వార్టర్‌బ్యాక్‌ని బంతి విసరకముందే పడగొట్టడం), బంతి లాక్కోవడంలో మూడింటిలోనూ లీగ్‌లో ముందు నిలిచింది. ఎమన్‌వోరీ నికెల్‌లో నిలదొక్కుకుంటే విదర్‌స్పూన్‌ని బయటికి పంపొచ్చు. అప్పుడు జోబ్ చోటుకి పోటీ మొదలవుతుంది. ఒక్క కుర్రాడి వల్ల మూడు గళ్ళూ మారతాయి. 2025 ఆగస్టులో నాకు అన్నిటికంటే ఆసక్తి ఉన్న విషయం ఇదే.

పథకాన్ని బట్టి మాత్రం తీర్పు చెప్పకండి. ప్రీసీజన్‌లో ఏ కోచ్ కూడా అసలు సరుకు బయటపెట్టడు. ఒకటో రెండో మామూలు కవరేజీలతో సరిపెడతారు. మెక్‌డోనల్డ్ డిఫెన్స్‌కి ప్రాణం లాంటిది మారువేషం, అంటే స్నాప్‌కి ముందు ఒకటి చూపించి తర్వాత ఇంకోటి ఆడటం. అది సెప్టెంబరు దాకా దాచిపెడతారు. మనుషుల్ని చూడండి.

ఇంటర్‌సెప్షన్ల లెక్కకీ పెద్ద విలువ ఇవ్వొద్దు. నాలుగో క్వార్టర్‌లో మూడో స్ట్రింగ్ క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతి ఎవరి చేతికో తగిలి ఇంకెవరి ఒళ్ళోనో పడుతుంది, మర్నాడు అందరూ ఆ పేరే చెప్పుకుంటారు. నా కాగితం మీద ఇంటర్‌సెప్షన్‌కి గడి లేదు. పడగొట్టడానికి మాత్రం ఉంది. చిన్న పాస్ పట్టిన రిసీవర్ ఎదురుగా కార్నర్ ఒంటరిగా మిగిలినప్పుడు చేతులతో లాగాడా, భుజం ఆనించి కాళ్ళు చుట్టేశాడా? క్యాంప్‌లో మనిషిని నిజంగా నేలకి పడగొట్టే డ్రిల్స్ తక్కువ. అందుకే ట్యాకిల్ సంగతి ఈ మూడు ఆటల్లోనే తేలుతుంది.

పెనాల్టీలు రాసుకోండి కానీ రకాలు వేరు చెయ్యండి. అయిదు గజాలు దాటాక చెయ్యి వేస్తే ఇల్లీగల్ కాంటాక్ట్, జెర్సీ పట్టుకుంటే హోల్డింగ్, రెండింటికీ అయిదు గజాలతో పాటు అవతలి జట్టుకి ఫస్ట్ డౌన్ (కొత్తగా నాలుగు ప్రయత్నాలు) దక్కుతుంది. పాస్ ఇంటర్‌ఫియరెన్స్ అయితే తప్పు జరిగిన చోటే బంతి పెడతారు, కాబట్టి నలభై గజాలైనా పోవచ్చు. ఒక కుర్రాడికి మొదటి రకం రెండుసార్లు పడితే నాకు భయం లేదు, దూకుడు తగ్గించొచ్చు. బంతి వైపు తిరగకుండా రిసీవర్‌ని గుద్దేసే అలవాటు ఉంటే అది త్వరగా పోదు.

చాలామంది లేచి తినడానికి వెళ్ళే సమయం పంట్లు, కిక్‌ఆఫ్‌లు, అంటే బంతిని అవతలి జట్టుకి తన్నే ఆటలు. మీరు కూర్చోండి. అయిదో కార్నర్, నాలుగో సేఫ్టీ జట్టులో ఉండేది ఇక్కడి పని వల్లే. పంట్ అయినప్పుడు అందరికంటే ముందు పరిగెత్తే గన్నర్ ఎవరు, అవతలి గన్నర్‌ని ఆపడానికి ఇద్దరిలో ఒకడిగా ఎవరు నిలబడ్డారు? 2024లో కిక్‌ఆఫ్ నియమాలు మారాయి, 2025లో టచ్‌బ్యాక్ బంతిని (తిరిగి పరిగెత్తకుండా వదిలేసిన కిక్‌ని) 35 గజాల గీత దగ్గరికి మార్చారు, కాబట్టి రిటర్న్‌లు ఇంకా పెరుగుతాయి. మైదానం మధ్యలో వేగంగా వచ్చేవాడిని పడగొట్టగల సేఫ్టీలకి గిరాకీ కూడా పెరుగుతుంది. ఒకాడా, బెల్ ఇద్దరిలో ఎవరు మొదటి కిక్‌ఆఫ్‌కే దిగారో చూడండి. మొదటి క్వార్టర్‌లో స్పెషల్ టీమ్స్‌తో (పంట్లు, కిక్‌ఆఫ్‌లు ఆడే బృందంతో) దిగినవాడు నాలుగో క్వార్టర్‌లో డిఫెన్స్‌తో దిగినవాడి కంటే జట్టుకి దగ్గరగా ఉన్నాడు.

కోత రోజు, దాని మర్నాడు

2025లో అది ఆగస్టు 26, ఇక్కడి టైమ్ ప్రకారం మధ్యాహ్నం ఒంటిగంట. ఆలోపు 90 మంది 53 మంది అవ్వాలి. అందులో డిఫెన్సివ్ బ్యాక్‌లు మామూలుగా పదిమంది, ఒకరు అటూ ఇటూ. గాయపడినవాళ్ళలో ఇద్దరిని ఆ రోజే ఇంజర్డ్ రిజర్వ్‌లో పెట్టి తర్వాత వెనక్కి తెచ్చుకునే వీలుంది, కాబట్టి ఎవరి పేరైనా ఆ జాబితాలోకి వెళ్తే సీజన్ పోయిందని తేల్చెయ్యకండి.

జాబితా రాగానే పని అయిపోయిందనుకుంటారు. అసలు చూడాల్సింది మర్నాడు. నాలుగేళ్ళు పూర్తికాని ఆటగాళ్ళని వదిలేస్తే వాళ్ళు వేవర్స్ మీదకి వెళ్తారు, మర్నాడు ఉదయం తొమ్మిదింటిలోపు ఏ జట్టైనా అడగొచ్చు. ఎవరూ అడగనివాళ్ళని 16 మందితో ఉండే ప్రాక్టీస్ స్క్వాడ్‌లోకి (53 మందికి బయట, అవసరమైతే పైకి పిలిచే బృందం) తీసుకుంటారు. మిగతా 31 జట్లూ ఎవర్ని వదిలేశాయో, వాళ్ళలో కార్నర్లెవరో చదవండి. జోబ్ వచ్చింది అలాగే. 2024 ఆగస్టులో ఈగల్స్ వదిలేస్తే సియాటిల్ ప్రాక్టీస్ స్క్వాడ్‌లో చేరాడు, అక్టోబరులో కార్నర్లకి గాయాలైనప్పుడు పైకి పిలిచారు, ఏడాది చివరికి బయటి కార్నర్ చోటు అతనిదే అయింది. అదే ఏడాది రేషాన్ జెంకిన్స్ గాయంతో బయటికి వెళ్ళాక అతని చోటులో బ్రయంట్ దిగాడు. కార్నర్‌గా డ్రాఫ్ట్ అయి సేఫ్టీగా మారినవాడు. జెంకిన్స్ తిరిగొచ్చినా చోటు మాత్రం బ్రయంట్ దగ్గరే ఉండిపోయింది.

కాంట్రాక్టులు కూడా ఓసారి చూడండి. వూలెన్, బ్రయంట్ ఇద్దరూ 2022 డ్రాఫ్ట్ వాళ్ళు, వాళ్ళ మొదటి కాంట్రాక్టుకి 2025 చివరి ఏడాది. అలాంటప్పుడు జట్టు వాళ్ళ వెనక ఒక కుర్రాడిని అట్టిపెట్టుకుంటే ఆలోచన వచ్చే ఏడాది గురించి కూడా ఉన్నట్టు. ప్రిచెట్ ఉండటం ఊడటం నేను ఆ కోణంలోంచి కూడా చూస్తాను.

2025లో సెప్టెంబరు 7న లూమెన్ ఫీల్డ్‌లో ఫార్టీ నైనర్స్‌తో మొదటి అసలు ఆట. గంటన్నర ముందు ఇనాక్టివ్ జాబితా, అంటే ఆ రోజు ఆడనివాళ్ళ పేర్లు వస్తాయి. మీ కాగితం పక్కన పెట్టుకుని అందులో ఏ డిఫెన్సివ్ బ్యాక్ పేరు ఉందో చూడండి, మీరు నాలుగో పేరుగా రాసినవాడు అయితే కొట్టేసి కొత్త పేరు రాయండి. తర్వాత నైనర్స్ మొదటి థర్డ్ డౌన్ (మూడో ప్రయత్నం) కోసం ఆగండి. వెనక ఎంతమంది, మూడో నంబర్ ఎక్కడ నిలబడ్డాడు, విదర్‌స్పూన్ లోపలున్నాడా బయటున్నాడా, అది రాసుకున్నాక బంతి ఎటు పోయిందో చూడొచ్చు.